విశాఖలో కుక్కను పెంచితే నెలకు ఎంతవుతుంది: లెక్క వేసుకునే పద్ధతి

కుక్కకు నెలకు ఎంతవుతుందని అడిగితే చాలామంది తిండి సంచి ధర చెప్పి ఊరుకుంటారు. నెలనెలా జేబులోంచి పోయేది అదొక్కటే కాబట్టి గుర్తుండేదీ అదే. ఏడాదికోసారి వేయించే టీకా, మూడు నెలలకోసారి కొనే పిడుదుల బిళ్ల, సంక్రాంతికి ఊరెళ్తూ బోర్డింగ్‌లో వదిలిన పది రోజులు, వానాకాలంలో వచ్చే చర్మం జబ్బు ఆ మాటలోకి రావు. "రెండు వేలు చాలండీ" అనుకుని తెచ్చుకున్న ఇంట్లో అసలు ఖర్చు ఐదు వేల దగ్గర తేలేది ఇందుకే. ఏడాది మొత్తానికి అయ్యేది ఒక కాగితం మీద రాసి 12తో భాగిస్తేనే నిజమైన నెలఖర్చు తెలుస్తుంది.

దీనికి తోడు విశాఖ ఉక్క ఒకటి. సముద్రపు తేమ పిడుదులకు ఏడాది పొడవునా అనుకూలం. తెరిచిన తిండి సంచి త్వరగా పాడవుతుంది, బొచ్చు తడి ఆరదు. హైదరాబాదులో పెంచేవాళ్లు వేసిన లెక్క ఇక్కడ సరిపోకపోవడానికి కారణం ఇదే.

కింద వేసిన ధరలు లెక్క నడిచే తీరు చూపడానికే. మీ పేటలో, మీరు వాడే బ్రాండుకు ఉన్న ధరను ఆ స్థానంలో వేసుకోండి. పద్ధతి మారదు.

1. ముందు తూకం

తిండి, మందు, బోర్డింగ్ అన్నీ బరువును బట్టే ఉంటాయి. ఇంట్లో తూకం యంత్రం ఉంటే కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి నిలబడి తేడా తీయండి. ఎత్తుకోలేనంత పెద్దదైతే వెటర్నరీ క్లినిక్‌లో నేల మీద పెట్టే తూకం ఉంటుంది. అంచనాతో సరిపెట్టవద్దు. బొచ్చు కుక్కలను ఎక్కువగా, పొట్టి వెంట్రుకల నాటు కుక్కలను తక్కువగా అంచనా వేస్తుంటాం.

తూచాక పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడండి. నొక్కకుండానే ఎముకలు తగలాలి గాని కంటికి మరీ కనిపించకూడదు. నొక్కితేనే తగులుతున్నాయంటే ఒళ్లు చేసిందని అర్థం. అప్పుడు ఇప్పుడున్న బరువుకు కాక ఉండాల్సిన బరువుకు తిండి లెక్క వేయాలి. అపార్ట్‌మెంట్లలోని లాబ్రడార్లలో ఇలా ఒళ్లు చేసినవే ఎక్కువ కనిపిస్తాయి.

2. రోజుకు ఎన్ని కేలరీలు

పశువైద్యులు వాడే సూత్రం ఫోన్ కాలిక్యులేటర్‌లోనే వేసుకోవచ్చు. బరువును మూడుసార్లు గుణించి, వచ్చినదానికి వర్గమూలం రెండుసార్లు తీసి, 70తో గుణించాలి. 20 కిలోల కుక్కకు 20 × 20 × 20 = 8,000. ఒకసారి వర్గమూలం తీస్తే 89.4, రెండోసారి 9.46. దాన్ని 70తో గుణిస్తే 662. ఊరికే పడుకుని ఉన్నా శరీరానికి కావలసింది ఇంత.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దీన్ని 1.6తో, ఆపరేషన్ కానిదానికి 1.8తో గుణించాలి. రోజంతా సోఫా దిగనిదైతే 1.4 చాలు. నాలుగు నెలల లోపు పిల్లకు 3, ఆ తర్వాత ఎదిగేదాకా 2. మన 20 కిలోల కుక్కకు 662 × 1.6 అంటే 1,060 కేలరీలు. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే. నెల తిరిగేసరికి బరువు పెరిగితే పదో వంతు తగ్గించండి, తగ్గితే అంతే పెంచండి.

3. కొన్న తిండి అయితే

సంచి వెనక కిలోకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. మామూలు పొడి తిండిలో 3,400 నుంచి 3,700 దాకా ఉంటాయి. 3,500 అనుకుంటే 1,060కి రోజుకు 303 గ్రాములు, నెలకు 9 కిలోల పైమాట. కిలో 250 రూపాయలైతే దాదాపు 2,300. కిలో 700 ఉండే ఖరీదైన రకమైతే అదే కుక్కకు 6,300 దాటుతుంది. బ్రాండు ఎంచుకోవడమంటే నెలఖర్చులో సగం నిర్ణయించినట్టే.

కొలిచేటప్పుడు గిన్నెతో కాక వంటింటి తూకంతో కొలవండి. గుళిక సైజును బట్టి అదే కప్పులో పట్టే బరువు మారిపోతుంది. రోజుకు 40 గ్రాములు ఎక్కువ పడితే నెలకు కిలో పైన తిండి, దాంతోపాటు కొవ్వు.

పెద్ద సంచి చవక అన్నది లెక్కలో నిజమే గాని ఇక్కడి తేమలో అన్నివేళలా కాదు. తెరిచిన సంచి నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోవాలి. 8 కిలోల కుక్కకు 20 కిలోల సంచి తెస్తే నాలుగు నెలలు వస్తుంది. రెండో నెలకే గుళికల పైనున్న కొవ్వు పాత నూనె వాసన కొడుతుంది, వానాకాలమైతే అడుగున బూజు పడుతుంది. కుక్క మూతి తిప్పుకుంటే పెంకితనం అనుకుంటారు, నిజానికి తిండి పాడైంది. సంచిలోంచి డబ్బాలో పోయకుండా, సంచినే గాలి తీసి మడిచి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. కొవ్వు అంటిన డబ్బాలో కొత్త తిండి పోస్తే అది కూడా త్వరగా చెడుతుంది.

ఒక హెచ్చరిక. కుక్కపిల్లల తిండి పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయకండి. ఆ తిండిలోనే తగినంత ఉంటుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతి పిల్లల్లో కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి. మన దగ్గర అలవాటుగా అమ్మేదీ, అలవాటుగా కొనేదీ ఈ సిరప్పే.

4. ఇంట్లో వండితే

ఇంటి తిండి చవక అని అందరూ అంటారు. లెక్క వేస్తే అలా తేలదు. పైన చెప్పిన 20 కిలోల కుక్కకు రోజుకు కావలసింది ఇది:

బియ్యం 130 గ్రాములు, ఎముక లేని కోడి మాంసం 250 గ్రాములు (ఈ రెండూ పచ్చివి తూచాలి), గుడ్డు ఒకటి, గుమ్మడి, కేరట్, బీన్స్ కలిపి 100 గ్రాములు, నూనె మూడు టీస్పూన్లు. కేలరీలు వెయ్యి పైన వస్తాయి, మాంసకృత్తులు 60 గ్రాములు దాటతాయి.

కోడి విడిగా నెలకు ఏడున్నర కిలోలు. ఎముకతో ఉన్నది కొని ఉడికించాక ఏరితే మాంసం మూడింట రెండొంతులే మిగులుతుంది. కాబట్టి ఎముకతో ఉన్న ధరను 0.65తో భాగించి బోన్‌లెస్ ధరతో పోల్చండి. స్కిన్‌లెస్ కిలో 260 అయితే నికరంగా మాంసం కిలో 400 పడుతుంది, అప్పుడు 350కి దొరికే బోన్‌లెస్సే చవక. ఆ ధరకు నెలకు 2,625. గుడ్లు 210, బియ్యం 200, కూరలు 120, నూనె 70, కాల్షియం, విటమిన్ పొడులు 300, గ్యాస్ 100. మొత్తం 3,600 దాటింది. మామూలు పొడి తిండి కన్నా 1,300 ఎక్కువ.

మాంసంలో మూడో వంతు గుండెకాయ, కందనకాయలకు మార్చితే ఖర్చు దిగుతుంది. లివర్ మాత్రం రోజుకు 15 గ్రాములు దాటనివ్వకండి, విటమిన్ ఏ ఎక్కువవుతుంది. వారానికి రెండు రోజులు కోడికి బదులు కవళ్లో నెత్తళ్లో కుక్కర్లో మెత్తగా ఉడికించి పెట్టవచ్చు. హార్బర్‌లో పొద్దున్నే చవగ్గా దొరుకుతాయి. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ చేపను లెక్కలోంచి తీసేయండి.

ఎముక లేని మాంసంలో భాస్వరం ఉంటుంది గాని కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి అలాగే పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. కోడిగుడ్డు పెంకులు కడిగి, వేయించి, మిక్సీలో పిండిలా పట్టి ఈ కుక్కకు రోజుకు అర టీస్పూను కలపాలి. జింకు, అయోడిన్, విటమిన్ ఈ వంటివి పెంకుతో రావు. వాటికి డాక్టరు రాసిన పొడి వాడాల్సిందే. ఉడికిన కోడి ఎముకలు ఎప్పుడూ వేయకండి, పుల్లల్లా చీలి పేగుకు గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషం కిందే లెక్క. మన కూరల్లో ఉల్లిపాయ లేనిది ఉండదు కాబట్టి మిగిలిన కూర కలిపి పెట్టే అలవాటు పూర్తిగా మానాలి.

ఇక పెరుగన్నం. కడుపు బాగా లేనప్పుడు ఒకటి రెండు రోజులకు సరే. రోజూ అదే పెడితే ఖర్చు తగ్గుతుంది, కుక్క కూడా తగ్గుతుంది. మాంసకృత్తులు చాలక కండ కరిగి, బొచ్చు రాలి, ఆ డబ్బు చర్మం డాక్టరు దగ్గర తేలుతుంది. శాకాహారం వండే ఇంట్లో గుడ్డు కూడా కుదరదంటే పొడి తిండే న్యాయం.

5. పిడుదులు: తగ్గించకూడని పద్దు

విశాఖలో కుక్కలకు డబ్బు ఎక్కువగా గుంజే జబ్బు టిక్ ఫీవర్, అంటే పిడుదులు అంటించే జ్వరం. చలికాలం గట్టిగా పడే ఊళ్లలో పిడుదులకు కాస్త విరామం ఉంటుంది. ఇక్కడ జనవరిలో కూడా ఉండదు.

పిడుదు కుక్క మీద ఎప్పుడూ కూర్చుని ఉండదు. రక్తం తాగి దిగిపోయి, గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, పరుపు కుట్లలో దాక్కుని ఎదుగుతుంది, మళ్లీ కుక్క మీదికి వస్తుంది. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. అంటే కుక్క మీద పది కనిపించాయంటే ఇంట్లో చాలా ఉన్నాయి. ఒకసారి మందు వేసి తగ్గిందని ఆపేస్తే పగుళ్లలో ఉన్నవి నెల తర్వాత మళ్లీ ఎక్కుతాయి. కనీసం మూడు నెలలు విడవకుండా మందు నడవాలి. ఈ ఊళ్లో అయితే ఏడాదంతా నడిపించడమే మంచిది.

మందుల్లో మూడు దారులున్నాయి. ఫ్లురలానర్ బిళ్ల 12 వారాలు పనిచేస్తుంది, ఏడాదికి నాలుగు పైన కావాలి. బిళ్ల 2,000 అయితే 2,000 × 4.35 ÷ 12 = 725. అఫాక్సొలానర్ బిళ్ల నెలకొకటి. మెడ మీద పోసే ఫిప్రోనిల్ చుక్కలు నెలకు 400 లోపే, కాని స్నానానికి రెండు రోజులు ముందూ రెండు రోజులు వెనకా ఎడం ఉండాలి. సముద్రంలో ఈదే కుక్కకు అవి డబ్బు దండగ.

బిళ్ల కొనే ముందు తూకం మళ్లీ చూసుకోండి. ఫ్లురలానర్‌లో 10 నుంచి 20 కిలోలకు ఒక బిళ్ల, 20 నుంచి 40కి ఇంకొకటి. కుక్క 20.4 ఉంటే చిన్నది వేసి సరిపెట్టడం పనికిరాదు. అఫాక్సొలానర్‌లో 10 నుంచి 25 ఒకే మెట్టు కాబట్టి 23 కిలోల కుక్కకు అదే చవగ్గా పడొచ్చు. పెద్ద బిళ్ల కొని రెండు ముక్కలు చేయడం వద్దు, మందు రెండు సగాల్లో సమానంగా ఉంటుందన్న భరోసా లేదు. మూర్ఛ వచ్చే కుక్క అయితే ఈ రెండు బిళ్లలూ డాక్టర్ని అడగకుండా వేయకూడదు.

ఇవి కాక ఒంటికి పూసే అమిట్రాజ్ ద్రావణం ఉంది, చాలా చవక. సీసా మీద రాసిన పాళ్లలోనే కలిపి, ఒళ్లు ఆరేదాకా నాకకుండా చూడగలిగితేనే వాడండి, చిన్న కుక్కపిల్లలకు వద్దు. పట్టుకారుతో తీసేటప్పుడు చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి సబ్బు నీళ్లలో వేయాలి, గోటితో చిదమకూడదు. కిరోసిన్ పూస్తే చర్మం కాలుతుంది. ఇంటి పగుళ్లు సిమెంటుతో పూడ్చడానికి ఒకసారి అయ్యే ఖర్చు నెలల మందు ఖర్చును ఆదా చేస్తుంది. అద్దె ఇల్లయితే కనీసం కుక్క పడుకునే మూల.

కుక్క తిండి మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు తెల్లబడి, పొట్ట మీద ఎర్రటి చుక్కలో ముక్కులో రక్తమో కనిపిస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. ఎర్లిషియా (టిక్ ఫీవర్ తెచ్చే క్రిమి) అని తేలితే డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు వాడిస్తారు. మాత్రల ఖర్చు తక్కువే. మళ్లీ మళ్లీ చేసే రక్త పరీక్షలు, సెలైన్లు, ఆలస్యమైతే రక్తం ఎక్కించడం, బిల్లు వేలల్లోకి వెళ్లేది వీటితోనే. జ్వరం కదా అని మనం వేసుకునే ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ వేయకండి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు ఇబుప్రొఫెన్ వేస్తే కడుపులో రక్తస్రావం మొదలవుతుంది.

6. టీకాలు, నులిపురుగులు

పెద్ద కుక్కకు ఏటా డిస్టెంపర్, పార్వో, లెప్టో అనే జబ్బులకు కలిపి వేసే టీకా ఒకటి, రేబిస్ టీకా ఒకటి. డాక్టరు ఫీజుతో కలిపి 1,800 అనుకుంటే నెలకు 150. జులై 6 ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల) దినం, ఆ రోజు పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పొద్దున్నే వెళ్లండి, మూతికి బుట్ట వేసి తీసుకెళ్లండి. లెప్టో మాత్రం వదలకండి, వాన నీళ్లు నిలిచే పల్లపు వీధుల్లో ఎలుకల మూత్రం నుంచి వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుతుంది.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా పడాలి. అందుకే మొదటి ఏడాది ఖర్చు ఎప్పుడూ ఎక్కువే.

నులిపురుగుల మాత్ర సాధారణంగా పది కిలోలకు ఒకటి, మూడు నెలలకోసారి. 20 కిలోల కుక్కకు ఏడాదికి ఎనిమిది మాత్రలు, నెలకు 35 రూపాయలు.

7. స్నానం, బొచ్చు, చెవులు

నెలకు రెండు స్నానాలు చాలు. మన షాంపూ వద్దు, కుక్క చర్మానికి పడదు. కుక్క షాంపూ, చెవి ద్రావణం కలిపి నెలకు 150. స్నానం తర్వాత అసలు పని ఆరబెట్టడం. ఉక్కకు బొచ్చు లోపల తడి నిలిచి రెండు రోజుల్లో ఎర్రటి తడి పుండు తేలుతుంది. ఫ్యాన్ కింద వదిలేయకుండా తువ్వాలుతో తుడిచి, వేడి లేని గాలితో మొదలంటా ఆరబెట్టాలి. రుషికొండలో ఈదించి తెచ్చాక మంచినీళ్లతో కడిగి, వేలాడే చెవులు ఎత్తి లోపల తుడవండి.

షిజూ వంటి పెరిగే బొచ్చు కుక్కలకు నెల నెలన్నరకోసారి కత్తిరింపు తప్పదు, నెలకు వెయ్యి వేసుకోండి. హస్కీకి, గోల్డెన్ రిట్రీవర్‌కు ఎండని గుండు చేయించకండి, లోపలి పొర దెబ్బతింటే బొచ్చు సరిగా రాదు.

8. కరెంటు

నాటు కుక్కకు నీడ, నీళ్లు, ఫ్యాన్ చాలు. పగ్, హస్కీ వంటివాటికి ఏప్రిల్, మే, జూన్ మధ్యాహ్నాలు ఏసీ లేకుండా గడవవు. కూలర్ కొనకండి, గాలిలో ఇంత తేమ ఉన్నచోట అది చల్లబరచదు, గదిని ఇంకా ఉక్కగా చేస్తుంది. ఏసీ గంటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు ఐదు గంటలు వేస్తే నెలకు 150 యూనిట్లు. దీన్ని సగటు రేటుతో కాకుండా మీ బిల్లులో ఆఖరి స్లాబు రేటుతో గుణించండి, ఎందుకంటే కుక్క కోసం కాలే యూనిట్లు చేరేది అక్కడే. యూనిట్ 8.75 అయితే నెలకు 1,300, మూడు నెలలకు 3,900, 12తో భాగిస్తే 325.

9. ఊరెళ్లే రోజులు, కాగితాలు

ఏడాదికి పది రోజులు బోర్డింగ్ అనుకుంటే రోజుకు 500 చొప్పున నెలకు 415 పడుతుంది. సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది కాబట్టి డిసెంబరు మొదట్లోనే చోటు మాట్లాడుకోవాలి. టీకా పుస్తకం అడగని చోట వదలకండి. వాళ్లు మీ కుక్కకు అడగలేదంటే పక్క గదిలో కుక్కకూ అడిగి ఉండరు.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) లైసెన్సు ఫీజునూ 12తో భాగించి కలపండి. రేబిస్ టీకా ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలనే నిషేధిస్తామంటే, అలా చేయకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. లిఫ్టులో, మెట్ల మీద శుభ్రం మాత్రం మన బాధ్యతే. సంచులు, ఫినాయిల్, తాడు, బొంతలు కలిపి నెలకు 200.

10. జబ్బు నిధి, మొత్తం కూడిక

నెలకు 700 వేరే ఖాతాలో పడాలి. ఇది మిగులు కాదు, ముందుగా కట్టిన ఖర్చు. బీమా కొంటే పాత జబ్బులకు వర్తించదు. టీకాలు, టిక్ ఫీవర్ అందులో ఉన్నాయో లేదో చదివాకే ప్రీమియం కట్టండి.

ఇప్పుడు 20 కిలోల నాటు కుక్కకు కూడితే: తిండి 2,300, పిడుదుల మందు 725, టీకాలు 150, నులిపురుగులు 35, స్నానం 150, చిల్లర 200, బోర్డింగ్ 415, నిధి 700. లైసెన్సు ఫీజు కాక మొత్తం 4,675. ఇదే పద్ధతిలో 30 కిలోల లాబ్రడార్‌కు తిండే 3,080 అవుతుంది, అన్నీ కలిపి ఆరు వేలకు దగ్గర, ఏసీ అదనం. 8 కిలోల షిజూ తినేది రోజుకు 150 గ్రాములే. అయినా చిన్న జాతి తిండి కిలో 450, పైన కత్తిరింపు వెయ్యి కలిసేసరికి ఐదు వేలు దాటి నాటు కుక్క కన్నా ఎక్కువ తేలుతుంది. చిన్న కుక్క చవక అనుకుని తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క కూడిక వేసుకుంటే చాలు.

డబ్బు బిగువైతే బ్రాండు దించండి, బోర్డింగ్‌కు బదులు చుట్టాలింట్లో వదలండి, రేబిస్ టీకా జులై 6న వేయించండి. పిడుదుల మందు, లెప్టో టీకా, నిధి ముట్టుకోకండి.

కుక్కను ఇంకా తేలేదా? మీకు వచ్చిన మొత్తాన్ని మూడు నెలలపాటు ఒకటో తారీఖునే పక్కన పెట్టి చూడండి. ఇబ్బంది లేకుండా గడిస్తే పోగైన 14,000 పిల్ల టీకాల వరసకు, ఆపరేషన్‌కు, మొదటి సంచికి పనికొస్తాయి. రెండో నెలలోనే అందులోంచి తీయాల్సి వస్తే తేవడం వాయిదా వేయండి.